లూకా గొంతు

మా తమ్ముడు లూకా పోయిన పదకొండో రోజు మధ్యాహ్నం, నేను వాడి గదిలో కూర్చుని వీడియో కాల్‌లో సౌండు రప్పించడానికి తంటాలు పడుతున్నాను.

సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో ఆదరణ కూడిక. పాస్టర్ దేవానందంగారు అల్వాల్ నుంచి వస్తానన్నారు. భీమవరంలో మా ప్రేమమణి పిన్ని తుంటి విరిగి మంచంలో ఉంది. రాలేదు. కనీసం వీడియోలో అయినా ప్రార్థన వింటాను, నాలుగు మాటలు చెప్తాను అని పొద్దున్నించి మూడుసార్లు ఫోన్ చేసింది.

మాది లాలాగూడలో మేడ మీద రెండు గదుల వాటా. ముందు గది లూకాది, లోపలి గది నాది. నేను దగ్గర్లోని బడిలో లెక్కలు చెప్తాను. లూకా ఆరేళ్ళ క్రితం దాకా టీవీలు బాగుచేసేవాడు. తర్వాత గొంతులో కాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, అందులో గొట్టం. ఊపిరి అందులోంచే. మాట లేదు. ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసేవాడు. నన్ను పిలవాలంటే స్టీలు పళ్ళెం మీద చెంచాతో కొట్టేవాడు. మూడు దెబ్బలు. కాస్త ఆగి, మళ్ళీ మూడు.

పొద్దు పోక వాడే ఒక చిన్న కంప్యూటర్ బోర్డు తెప్పించుకున్నాడు. పేకముక్కంత ఉంటుంది. దాన్ని పాత టీవీకి తగిలించి, పైన కెమెరా బిగించి, చుట్టాలకు వీడియో కాల్ చేసేవాడు. అవతలి వాళ్ళకు పలక చూపించేవాడు. వాళ్ళు కాగితం మీద రాసి చూపించేవాళ్ళు. సౌండు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. "పెట్టుకోరాదు, వాళ్ళ మాటలన్నా వినొచ్చు" అని నేనోసారి అంటే పలక మీద రాసి చూపించాడు: 'నాకు లేనిది వాళ్ళకెందుకు?'

ఇప్పుడు ఆ సౌండు కావాల్సి వచ్చింది.

నేను ఏడవలేదు. సమాధి దగ్గర కూడా ఏడవలేదు. అందరూ ధైర్యం అనుకున్నారు. అది ధైర్యం కాదు. పన్ను పీకేముందు సూది ఇచ్చాక బుగ్గ ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది. నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. అన్నం తింటున్నాను. బడికి వెళ్ళొస్తున్నాను. వాడి పరుపు చుట్టి మంచం మీద ఒక పక్కకు నిలబెట్టాను. ఆ పరుపును చూసినా ఏమీ అనిపించలేదు.

గదిలో ఇంకా ఆ వాసన పోలేదు. డెట్టాలు, మందులు, తడి దూది. కిటికీ తెరిచే ఉంది. బయట మబ్బు పట్టింది. కింద వాటా వాళ్ళు ఎవరో కుక్కర్ పెట్టినట్టున్నారు, విజిల్ వచ్చి ఆగింది.

బోర్డు ఆన్ చేశాను. టీవీలో బొమ్మ వచ్చింది. సెట్టింగుల్లో చూస్తే సౌండు హెడ్‌ఫోన్ పెట్టే చోటుకు పోతోంది. అక్కడేమీ లేదు కాబట్టి వినపడదు. దాన్ని టీవీకి మార్చాను. టింగుమంది. సగం పని అయింది.

మిగిలింది మైకు. కెమెరాలోనే చిన్న మైకు ఉంది. లూకా దాన్ని సున్నాలో పెట్టి ఉంచాడు. పైకి జరిపాను. ఐదు సెకన్లు రికార్డు చేసి తిరిగి వినిపించే బటన్ ఒకటి ఉంది. అది నొక్కి, "హలో, ఒకటి, రెండు, మూడు" అన్నాను.

తిరిగి వినిపించింది. నా మాట లేదు. సన్నగా ఈల లాంటి చప్పుడు.

ఫ్యాను అనుకుని ఫ్యాను ఆపాను. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఒకటి, రెండు, మూడు అన్నాను. మళ్ళీ అదే. నా మాట లేదు. ఈల మాత్రం ఇంకా స్పష్టంగా ఉంది.

తెర మీద మైకుకు ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది. చప్పుడైతే పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. నేను కదలకుండా కూర్చున్నాను. గీత మెల్లగా పెరిగింది. మెల్లగా తగ్గింది. కొంచెం ఆగింది. మళ్ళీ పెరిగింది.

ఆ లెక్క నాకు తెలుసు. ఆరేళ్ళు పక్క గదిలో పడుకుని విన్నాను. గొట్టంలోంచి గాలి లోపలికి వెళ్ళేటప్పుడు సన్నటి ఈల. బయటికి వచ్చేటప్పుడు కొంచెం బరువుగా.

భయం వేయాలి. వేయలేదు. మైకు చెడిపోయిందేమో, అవతలి వాళ్ళను అడిగితే తెలుస్తుంది అనుకున్నాను. అంతే.

పిన్ని కూతురు అనుపమకు కాల్ కలిపాను. టీవీలో కనిపించింది. వాళ్ళ వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు నిలబడి చున్నీతో చేతులు తుడుచుకుంటోంది. తన మాట నాకు చక్కగా వినపడుతోంది. నా మాట తనకు పోవడం లేదని సైగ చేసింది. మామూలు ఫోన్ తీసి తనకు చేశాను. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇప్పుడు వినిపిస్తుందా అనూ?"

"ఫోన్లో వినపడుతున్నావక్కా. ల్యాప్‌టాప్‌లో నీ మాట రావట్లేదు. కానీ ఏదో చప్పుడు వస్తోంది."

"ఏం చప్పుడు?"

"గిన్నె మీద ఎవరో కొడుతున్నట్టు. పక్కన పిల్లలెవరైనా ఉన్నారా?"

నేనొక్కదాన్నే ఉన్నాను. ఏ చప్పుడూ లేదు.

"ఎన్నిసార్లు?" అని అడిగాను.

అనుపమ తల వంచి వింది. "మూడు. ఆగింది... మళ్ళీ మూడు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లూకా పోయింది శనివారం మధ్యాహ్నం. అంతకు ముందు రెండు రాత్రులు వాడికి కఫం అడ్డుపడుతుంటే మిషన్‌తో లాగుతూ కూర్చున్నాను. ఆ రోజు ఒంటిపూట బడి. ఇంటికొచ్చి నా గదిలో నడుం వాల్చాను. మూడున్నరకు చెంచా మోగింది. విన్నాను. నీళ్ళేమో, ఛానల్ మార్చమనేమో, ఐదు నిమిషాలాగి లేద్దాం అనుకున్నాను. చెంచా ఇంకా కొంతసేపు మోగింది. తర్వాత మోగలేదు. ఐదింటికి లేచి చూశాను. అందరికీ నిద్రపోయానని చెప్పాను.

"అనూ, మైకు చెడిపోయినట్టుంది" అన్నాను. "కెమెరా వైరు పీకేస్తా. జెర చూడు."

పీకేశాను. టీవీలో ఒక మూల కనిపిస్తున్న నా బొమ్మ నల్లబడింది. ఇప్పుడు మా ఇంట్లో కెమెరా లేదు, మైకు లేదు. బోర్డుకు ఉన్నవి కరెంటు వైరు, టీవీ వైరు, అంతే.

అనుపమ ఇంకా తల వంచుకునే ఉంది.

"ఆగిందా?"

"ఆగింది... ఇప్పుడు ఎవరో మాట్లాడుతున్నారు. టీవీ పెట్టావా అక్కా?"

"టీవీలో నువ్వే ఉన్నవు కదా."

అనుపమ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ల్యాప్‌టాప్‌కు చెవి దగ్గరగా పెట్టింది. టీవీ నిండా తన చెంప, చెవి, చెవి పోగు.

"మగ గొంతు" అంది గుసగుసగా. "అక్కా... ఇది... ఇది లూకా అన్నయ్య గొంతు."

లూకా గొంతు. ఆరేళ్ళుగా ఎవరూ విననిది. నేను కూడా మరిచిపోయాను. గుర్తు తెచ్చుకోవాలని చూస్తే రాదు.

నేను టీవీకి దగ్గరగా జరిగాను. నాకేమీ వినపడలేదు. అనుపమ వంటింట్లో కొళాయి చుక్కలు పడటం వినపడింది. ఆ చుక్కల మధ్య తను "ఊఁ... ఊఁ..." అనడం వినపడింది. నాతో కాదు.

"ఏమంటున్నడు?" అన్నాను.

చెయ్యి అడ్డంగా పెట్టింది, ఆగమన్నట్టు.

"అనూ, ఏమంటున్నడు?"

తను మెల్లగా ముఖం తిప్పింది. కెమెరాలోకి చూసింది. నా బొమ్మ అక్కడ లేదు. నల్లటి గడి మాత్రమే ఉంటుంది. అయినా సరిగ్గా నా కళ్ళలోకి చూస్తున్నట్టుంది.

"అక్కా, ఆ రోజు మధ్యాహ్నం నువ్వు నిద్రపోయావా?"

వేళ్ళు చల్లబడ్డాయి. అది మాత్రం తెలిసింది.

"నిద్రపోయిన."

అనుపమ తల పక్కకు తిప్పి, ల్యాప్‌టాప్‌తో చెప్పింది:

"నిద్రపోయిందంట అన్నయ్యా."

కొళాయి చుక్కలు పడుతున్నాయి. అనుపమ వింటోంది. వింటుంటే తన ముఖం మారుతోంది. ఒకసారి "వద్దు" అంది. ఇంకోసారి "అలా అనకు అన్నయ్యా, అక్క కదా" అంది.

నేను లేచి బోర్డు కరెంటు పీకేశాను.

టీవీ నీలంగా అయింది. సిగ్నల్ లేదని అక్షరాలు వచ్చాయి. గదిలో ఏమీ లేదు. చుట్టిన పరుపు, స్టూలు, నేను. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అనూ, బంద్ చేసిన. అయిపోయింది. ఇక వినపడదు."

అటు నుంచి కొళాయి చుక్కలు.

"అనూ..."

"ఉండక్కా" అంది చాలా మెల్లగా. "ఇంకా చెప్తున్నాడు."

ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం కూడిక జరిగింది. పాస్టర్‌గారు మంచి వాక్యం చెప్పారు. పిన్నిని మామూలు ఫోన్లోనే స్పీకర్ పెట్టి మాట్లాడించాం. వీడియో ఎందుకు పెట్టలేదని అడిగింది, సౌండు రాలేదని చెప్పాను. అనుపమ ఏదని నేను అడిగితే, తలనొప్పని తలుపేసుకుని పడుకుందని చెప్పింది. వచ్చినవాళ్ళకు టీ ఇచ్చాను. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఏడిస్తే, ఆమె ఏడుపు ఆపేదాకా చెయ్యి అలాగే ఉంచాను.

తర్వాత వారం రోజులు అనుపమ నా ఫోన్ ఎత్తలేదు. మెసేజ్ పెడితే చూసేది, జవాబు లేదు.

ఎనిమిదో రోజు పొద్దున తలుపు కొట్టింది. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. భీమవరం నుంచి రైల్లో వచ్చింది. చేతిలో చిన్న సంచీ. మనిషి సగమైంది. కళ్ళ కింద నల్లగా ఉంది. టీ పెడతానంటే వద్దంది. లూకా గదిలో అటూ ఇటూ చూడలేదు. నేరుగా నా గదిలోకి వెళ్ళింది.

వెనకే వెళ్ళాను. సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. నా గది తలుపుకు లోపలి వైపున్న గడియ ముందు నిలబడి, స్క్రూలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"ఏందనూ ఇది? ఏం చేస్తున్నవ్?"

"తీసెయ్యమన్నాడక్కా."

చెంచా విని నేను లేవలేదని ఇందాక రాశాను. లేచాను. లేచి, చప్పుడు తగ్గుతుందని తలుపు మూసి, ఆ గడియ పెట్టుకుని మళ్ళీ పడుకున్నాను. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాయకూడదనే అనుకున్నాను.

నాలుగు స్క్రూలూ వచ్చాయి. గడియను చున్నీ కొంగులో చుట్టి సంచీలో పెట్టుకుంది. తలుపు దానంతటదే కొంచెం తెరుచుకుంది. అనుపమ నా వైపు చూడకుండా మెట్ల దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"మూడు పనులు చెప్పాడక్కా. ఇదొక్కటే నావల్ల అయింది."

"మిగిలిన రెండు ఏంటివి?"

"అడక్కు."

"అనూ, చెప్పు. నేను చేస్తా."

తల అడ్డంగా ఊపింది. రెండు మెట్లు దిగింది. గోడ పట్టుకుని, నాకు వినపడీ వినపడనట్టు అంది:

"అవి నేను చెయ్యనని చెప్పేశాను. కోప్పడతాడనుకున్నా. కోప్పడలేదు. సర్లేమ్మా, అవి నేనే చేసుకుంటాలే అన్నాడు."