టేపక్క బిగించిన యాంటెన్నా

ఆ భవనంలో ఆవిడ అసలు పేరు పలికేవాళ్ళు లేరు. బట్టలు కుడుతుంది, కొలతల టేపు మెడలోంచి దిగదు, కాబట్టి అందరికీ టేపక్క. నిద్రలో మొగుడి గురకని కూడా ఆ టేపుతోనే కొలుస్తుందని ఆడపడుచు వేళాకోళం చేసేది. ఆడపడుచు కాపురం పై అంతస్తులో. వదినకి సాయం పేరుతో రోజూ దిగివచ్చి, సగం సేపు కాజాలు కుట్టి, మిగతా సగం చాడీలు చెప్పి పోయేది.

టేపక్క మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇంట్లో ఆయన మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "ఊ", "ఆ", "ఉప్పు చాల్లేదు"... అంతే. అలాంటి మనిషి పరీక్ష రాసి మరీ హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. వెనక గదిలో బల్ల మీద సెట్టు, డాబా మీద పొడుగాటి ఏరియల్. సాయంత్రం డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కున్నాడంటే ఇక ఆ గది తలుపు పడ్డట్టే. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఒకటే కబుర్లు. వానలు, వైర్లు, మోకాళ్ళ నొప్పులు. మొగుడి నోట్లో అన్ని మాటలున్నాయని గోడకి ఇవతల కూర్చుని విన్నాకే ఆవిడకి తెలిసింది. కడుపు మండేది. అయినా అవతల ఉన్నవాళ్ళంతా బట్టతల మగాళ్ళే కదా అని సర్దుకునేది.

ఆ చలికాలం అవతల ఒక ఆడగొంతు చేరింది.

ముందు విన్నది ఆడపడుచే. కాజా కుడుతున్న సూది ఆపి, తల పక్కకి వంచింది.

"వదినా, అన్నయ్య నవ్వుతున్నాడేంటి?"

"మీ అన్నయ్యా? దగ్గయ్యుంటుందిలే."

"దగ్గు నాకు తెలీదా? నవ్వే. ఎవరో ఆవిడతో."

కుట్టుమిషను ఆగింది. టేపక్క లేచివెళ్ళి తలుపుకి చెవి ఆనించింది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడినట్టు అణిగిన గొంతు. తొందర లేదు. "ఇవాళ కూడా దారి దొరకలేదండీ," అంటోంది ఆ గొంతు. "దొరుకుతుందిలే. నేనెక్కడికీ పోనుగా," అంటున్నాడు మొగుడు. ఆ మాటలోని ఓపికకి టేపక్క ఒళ్ళు భగ్గుమంది. తను ఊరెళ్ళి ఆలస్యంగా వస్తే "ఇంత సేపా" అనే మనిషి!

అన్నాలు తింటున్నప్పుడు అడిగేసింది.

"ఎవరావిడ?"

"ఎవరు?"

"రేడియోలో. రోజూ."

ఆయన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు. "నీకు వినబడుతోందా?" అన్నాడు. ముద్ద మింగాక, "ఎవరో పాపం. దారి తప్పిందట," అన్నాడు.

"దారి తప్పినావిడకి రోజూ మీరే దొరికారా?"

"ఊ," అన్నాడు మొగుడు.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ రాత్రి నుంచి అది టేపక్క మంచం మీదే పడుకుంది. ఆవిడ ఎవరు? ఏ వీధిలో ఉంటుంది? తనకంటే చిన్నదా? ఒక్కసారి మొహం చూస్తే చాలు. చూసి, గుమ్మం ముందు నిలబడి నాలుగు దులిపేస్తే చాలు. ఆ తర్వాత మొగుడు తనతో మాట్లాడినా మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఇంకెవరితోనూ అలా మాట్లాడకూడదు. టేపక్కకి కావలసింది అంతే.

అప్పుడు గుర్తొచ్చింది మంచం కింద డబ్బా. రేడియో సంఘంవాళ్ళు అప్పుడప్పుడూ ఆడే దాగుడుమూతల ఆట కోసం మొగుడు తెప్పించుకున్న కిట్టు అది. ఆ ఆటలో ఒకడు చిన్న సెట్టుని ఏ పొదలోనో దాచేస్తాడు. మిగతావాళ్ళు దిక్కు తెలిపే యాంటెన్నా పట్టుకుని వెతుకుతారు. "దీన్ని ఎటు తిప్పితే అటు నుంచి వచ్చేదే గట్టిగా వినిపిస్తుంది. గట్టిగా వినిపించినవైపు నడుచుకుంటూ పోవడమే," అని ఒకసారి నోరు జారి ఏకంగా రెండు వాక్యాలు చెప్పాడు. తర్వాత డబ్బా విప్పనే లేదు.

మర్నాడు ఆయన పనికి వెళ్ళగానే టేపక్క డబ్బాని కుట్టుబల్ల మీద బోర్లించింది. చేతికర్రంత ప్లాస్టిక్ గొట్టం. దానికి అడ్డంగా బిగించడానికి ఉక్కు టేపు ముక్కలు. వడ్రంగులు వాడే పసుపుపచ్చ టేపే, అంకెలతో సహా. ఆవిడకి నవ్వొచ్చింది. టేపుతో లోకాన్ని కొలవడమే గానీ టేపునే కోసి అమ్ముకునేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట. ముక్కలు ఒకే పొడవు లేవు. ఒకటి బారెడు, ఒకటి పొట్టిది. మధ్యలోది రెండు ముక్కలు, ఆ రెంటికీ నల్ల కేబుల్ అతికించి ఉంది. అంచులు పదును, జాగ్రత్తగా పట్టుకోకపోతే వేలు తెగుతుంది. బొమ్మ గీసిన కాగితం కూడా ఉంది గానీ, ఆవిడ దాన్ని మడిచి కత్తెర కింద పెట్టేసింది. బొమ్మ చూసి కుట్టేది కొత్తగా నేర్చుకునేవాళ్ళు. తను కంటిచూపుతో కత్తిరించే మనిషి.

ఎక్కడైనా పెద్దది ముందు, చిన్నది వెనక. ఇంట్లోవాళ్ళు వరసగా నడిచినా అంతే కదా. పొడుగు ముక్కని గొట్టం ముందు కొసన బిగించింది. కేబుల్ ఉన్నది మధ్యలో. పొట్టిది తన చేతికి దగ్గరగా, వెనక. క్లిప్పుల మరలు గోటితో కదలనంత గట్టిగా తిప్పి, ఒకసారి ఊపి చూసింది. ఉక్కు రెక్కలు గజగజమని ఊగి నిలిచాయి. చేతిపని బాగా కుదిరినప్పుడు కలిగే సంతోషం ఆ కోపంలో కూడా కలిగింది.

మొగుడి చేతిసెట్టు అలమరలో ఉంది. కేబుల్ దానికి తగిలించి, బల్ల మీది సెట్టులో కనిపించే అంకెలే దీంట్లోనూ పెట్టుకుంది.

వీధి దీపాలు వెలిగే వేళకి ఆయన గదిలో దూరాడు. "బొత్తాలు కొనుక్కొస్తా," అని తలుపు బయటి నుంచే కేకేసి టేపక్క మెట్లు దిగింది. మంచు అప్పుడే దిగుతోంది. దుకాణాలు చలికి ముందే కట్టేస్తున్నారు. తడిసిన అట్టపెట్టెల వాసన, ఎక్కడో షట్టరు లాగిన చప్పుడు. మలుపులో నిలబడి, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని సెట్టు వేసింది.

"వింటున్నావా?" మొగుడి గొంతు. ఎంత మెత్తగా! టేపక్క పళ్ళు కొరికి శబ్దం తగ్గించేసింది. ఆయన ముద్దుముద్దు మాటలు వినే ఓపిక తనకి లేదు. కావలసింది దాని గొంతు. ఆయన ఆపేదాకా ఉండి మళ్ళీ పెంచింది.

"వింటున్నానండీ. ఇవాళ వీధిలోకి వచ్చాను..."

యాంటెన్నాని నెమ్మదిగా చుట్టూ తిప్పింది. తమ భవనం వైపు తిప్పితే గొంతు సన్నబడింది. ఎదురుగా, పాత అచ్చాఫీసు ఉన్న వీధివైపు తిప్పితే ఖంగున మోగింది. దొరికావే నంగనాచీ, అనుకుంది టేపక్క.

నడిచింది. ఆయన మాట్లాడినప్పుడల్లా శబ్దం తగ్గించడం, అది మాట్లాడినప్పుడల్లా పెంచడం. పెంచినప్పుడల్లా గొంతు ఎదురుగానే ఉంది. వింత ఏమిటంటే, ఎంత నడిచినా అంతే ఉంది. దగ్గరైతే పెరగాలి కదా? తను నడిచినంతా అదీ నడుస్తోందన్నమాట. పారిపోతోంది! టేపక్క అడుగులు పెంచింది.

"మూసేసిన అచ్చాఫీసు దాటాను," అంది గొంతు.

టేపక్క కూడా అప్పుడే దాటింది. తుప్పు పట్టిన ఆ తలుపు తన భుజం వెనకే ఉంది. అంటే అది నాలుగు అడుగుల ముందే ఉండాలి. కళ్ళు చిట్లించి మంచులోకి చూసింది. ఎవరూ కనబడలేదు. కానీ ఏదో వాసన... ఏళ్ళ తరబడి పెట్టెలో మడిచిపెట్టిన బట్ట విప్పితే వచ్చే వాసన. బట్టలతో బతికే మనిషికి అది కొత్త కాదు. నడివీధిలో రావడమే కొత్త.

"సందులోకి తిరిగాను."

టేపక్క కూడా తిరిగింది. పరుగులాంటి నడక. సందు ఇరుకు, దీపం ఒక్కటే. చివర... గోడ. పైన గాజుపెంకులు గుచ్చిన ఎత్తైన గోడ. తలుపు లేదు, కిటికీ లేదు. యాంటెన్నాని గోడకి ఆనించినంత పని చేసింది. గొంతు అక్కడి నుంచే, నిండుగా.

"ఆగిపోయిందండీ," అంది గొంతు.

"ఎవరు?" మొగుడి గొంతు. ఈసారి టేపక్క శబ్దం తగ్గించడం మరిచిపోయింది.

"నా ముందు నడుస్తున్న ఆవిడ. గోడ దగ్గర ఆగింది."

టేపక్క ఇయర్‌ఫోనుని వేలితో ఇంకా లోపలికి నొక్కుకుంది.

"ఎలా ఉంటుంది?" అన్నాడు మొగుడు. టేపక్క చేతిలో యాంటెన్నా పక్కకి తిరిగింది. ఆయన గొంతు సన్నబడిపోయింది. మళ్ళీ గోడవైపు తిప్పింది... గట్టిగా వినిపించింది. ఇంటివైపు తిప్పింది... సన్నగా. గోడవైపు... గట్టిగా.

మొగుడు గోడవైపు లేడు. మొగుడు ఇంట్లో ఉన్నాడు. ఇల్లు తన వెనకుంది.

యాంటెన్నా వంక చూసింది. పొడుగు ముక్క ముందు. పొట్టిది వెనక. తిరగేసి బిగించింది. ఇంతసేపూ ఇది వినిపించింది ముందున్నదాన్ని కాదు.

అయితే... అది కూడా...

టేపక్క వెనక్కి తిరగలేదు. మెడ తిరగలేదు.

"చేతిలో ఏదో పట్టుకుంది," అంది గొంతు. "మెడలో టేపుంది."



"అయితే తనే," అన్నాడు మొగుడు. "తనకి ఇల్లు తెలుసు. తొందరపెట్టకు. తన వెనకే వచ్చెయ్."

భయం కంటే ముందు ఆవిడ గుండెలో గుచ్చుకున్నది ఆ "వచ్చెయ్". ఆ మాటని అంత చనువుగా తనతో ఎప్పుడన్నాడు? ఇన్నాళ్ళూ దారి దొరకనిదానికి దారి చూపించడానికి, తన కాళ్ళతో తనే బయల్దేరి వచ్చింది. సెట్టు ఆపేసి యాంటెన్నాని గోడ మొదట్లో పడేసింది. ఉక్కు రెక్కలు రాళ్ళకి తగిలి టంగుమని ఊగి ఆగాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. అదింకా ఘోరం. ఇప్పుడది ఎక్కడుందో తెలుసుకునే దారి కూడా లేదు.

ఇంటికి వెళ్ళకూడదు. అది తెలుస్తూనే ఉంది. కానీ వెళ్ళకపోతే? పొద్దుపోయేదాకా ఈ చలిలో తను తిరుగుతుంటే, ఇది విసిగి, ఎవరినో అడిగి, తనకంటే ముందు ఆ గుమ్మం చేరితే? తన ఇల్లు. తన మొగుడు. మాట్లాడినా మాట్లాడకపోయినా తనవాడు. భయపడే మనిషి ఆగిపోయేది. కుళ్ళుకునే మనిషి కాబట్టి కళ్ళు గట్టిగా మూసుకుని వెనక్కి తిరిగింది.

కళ్ళు తెరిచేసరికి సందు ఖాళీగా ఉంది. గోడకి భుజం రాసుకుంటూ నడిచింది. సందు మధ్యలో ఒకచోట ఆ మడతబట్ట వాసన మొహానికి కొట్టింది. ఊపిరి బిగబట్టి దాటింది. దాటాక పరుగు. అచ్చాఫీసు... మలుపు... మెట్లు. వెనక అడుగుల చప్పుడు లేదు. తన అడుగులే ఎక్కువగా ఉన్నట్టున్నాయి. మెట్ల మీద ఆగి వినాలనిపించింది. ఆగలేదు.

తలుపు తట్టబోయేలోపే తెరుచుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన లేచి తలుపు తీసింది లేదు.

"వచ్చావా," అన్నాడు.

టేపక్క ఆయన్ని తోసుకుంటూ లోపలికి పడింది. "తలుపెయ్యండి," అంది. "తొందరగా... తలుపు..."

ఆయన వెయ్యలేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, గోడకి ఆనుకుని, గుమ్మంలో చోటిచ్చి నిలబడ్డాడు. ఒక మనిషి లోపలికి రావడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు నిలబడ్డాడు. తర్వాత కిందకి చూసి, ఎవరి బట్టా తలుపులో పడకుండా మెల్లగా తలుపు దగ్గరికి వేశాడు.

"బాగా చలేసిందా?" అన్నాడు.

ఏడుపొచ్చింది టేపక్కకి. అవునని చెప్పడానికి నోరు తెరిచి ఆయన కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు తన మీద లేవు. ఆయన తల కొద్దిగా వంచి, దేన్నో శ్రద్ధగా విన్నాడు.

"అవునా... పాపం," అన్నాడు.