చిప్ప దాచుకున్న రాగి

గోవిందరాజులు సార్ మేజా మీద మూడు గాజు గ్లాసులు వరసగా పెట్టారు. దసరా సెలవులయ్యాక అది మొదటి శనివారం. ఆరో తరగతి పిల్లలంతా బెంచీలు వదిలి ఆయన చుట్టూ మూగారు.

మొదటి గ్లాసులో ధర్మవరం రంగుల వీధి వెనకాల ఉన్న కుంట నీళ్ళు. రెండో దాంట్లో చిత్రావతి ఏటి ఆల్చిప్పల బూడిద, మూడో దాంట్లో కుంట ఆల్చిప్పల బూడిద. చిప్పల్లోని మాంసాన్ని ఎండబెట్టి కాల్చి తెచ్చారు సార్. మూడింట్లోనూ కాస్త ఆమ్లం కలిపారు. ఆ చిప్పలన్నీ ఏరి తెచ్చింది కుళ్ళాయమ్మ. తన నేస్తం కదిరమ్మ చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నిలబడింది.

"ఇప్పుడు తోమిన ఇనుప మేకులు వేస్తాను. రాగి ఉంటే మేకు మీద ఎర్రటి పూత పడుతుంది. చూడండి" అన్నారు సార్.

పిల్లలు గ్లాసుల మీదికి వంగారు. కాసేపటికి సార్ మేకులు ఒక్కొక్కటే పైకి తీశారు. కుంట నీళ్ళలో మేకు తెల్లగానే ఉంది. ఏటి చిప్పల మేకూ అంతే. మూడో మేకు మాత్రం కొత్త రాగి చెంబులా ఎర్రగా మెరిసింది.

"సార్! కుంట నీళ్ళల్లోనే రాగి లేదు కదా, దాంట్లో బతికే చిప్పకు యాడ నుంచి వచ్చింది?" అని అడిగింది కుళ్ళాయమ్మ.

"లేదని కాదమ్మా, మన మేకుకు తెలియనంత కొంచెం ఉంది. ఆల్చిప్ప పొద్దస్తమానం నీళ్ళు లోపలికి లాగి, తిండి వడకట్టుకుని, మళ్ళీ బయటికి వదులుతుంది. ఆ నీళ్ళతో వచ్చిన రాగి అంతా తిరిగి బయటికి పోదు. ఈ రోజు ఇసుక రేణువంత, రేపు ఇంకో రేణువంత. అలా నెలల తరబడి ఒంట్లో చేరిపోతుంది."

కుళ్ళాయమ్మ ముఖం చిన్నబోయింది. "మా అవ్వ రోజూ ఆ చిప్పలే బాతులకు ఏస్తాది సార్."

"బాతులు బాగున్నాయా?"

"బాగుండాయి సార్. గుడ్లు కూడా పెడతాండాయి."

"అయితే భయపడొద్దు. కానీ చిప్పల్లోది వాటికీ చేరుతుంది. ఇకమీదట కుంటవి వెయ్యొద్దని అవ్వతో చెప్పు. కుంటలోకి రాగి ఎలా వస్తుందో మాత్రం నాకు అంతుపట్టలేదు."

కదిరమ్మకు అంతుపట్టింది. ఆమె మెల్లగా కుళ్ళాయమ్మ చెయ్యి వదిలేసింది.

కదిరమ్మ నాయన గంగాధర పట్టునూలుకు రంగులద్దుతాడు. కొన్ని రంగులు నిలవాలంటే మైలుతుత్తం కలపాలి. మైలుతుత్తంలో రాగి ఉంటుందని సార్ పోయిన నెలే చెప్పారు. పని అయ్యాక మిగిలిన నీలం నీళ్ళను ఊరి బయట సున్నపు బట్టీ దగ్గరి గుంతలో పారబోయడం కదిరమ్మ పని. గుంతలోని సున్నం రాగిని పట్టి ఉంచుతుంది. కానీ బట్టీ దూరం. బిందె బరువు. ఇంటి పక్క కాలువేమో నాలుగడుగులే. అది నేరుగా కుంటలోకి పోతుంది. అంత పెద్ద కుంటకు ఒక్క బిందె ఏం లెక్క అనుకుంది. మరుసటి రోజూ అలాగే అనుకుంది. అట్లా అనుకుంటూ ఏడాది గడిచింది.

బడి విడిచాక ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"ఇంగ అవ్వ చిప్పల కోసం ఏటికి పోవాల. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం ఎట్ల పోతాదో ఏమో" అంది కుళ్ళాయమ్మ.

కదిరమ్మ కాలువ వైపు చూడకుండా అడుగులు పెద్దవి చేసింది.

"ఏమ్మే, నోరు పడిపోయిందా?"

"ఏం లేదులే" అని గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో నీలం నీళ్ళ బిందె అప్పటికే గడప దగ్గర సిద్ధంగా ఉంది. కదిరమ్మ దాని పక్కన కూలబడి ఏడ్చింది. నాయన పరుగున వచ్చాడు. వెక్కుతూనే జరిగిందంతా చెప్పింది.

"గుంతలో పోయమని కదా నేను చెప్పింది?" అన్నాడు నాయన.

"దూరమని..."

గంగాధర కూతురి పక్కన కూర్చున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. "రోజూ బిందె ఇచ్చినోన్ని, యాడ పోస్తాండావో ఒక్కనాడన్నా చూడకపోతిని. నాదీ తప్పే. పా, కుళ్ళాయమ్మ వాళ్ళవ్వకు చెప్పి వద్దాం."

"నువ్వు రావద్దులే నాయనా. నేనే చెప్తా."

కుళ్ళాయమ్మ వాళ్ళ అవ్వ బాలనాగమ్మ వాకిట్లో బాతులను గంప కింద మూస్తోంది. కదిరమ్మ తల దించుకుని చెప్పింది. కుళ్ళాయమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని వింది.

"పొద్దున బడిలో యాల చెప్పలేదు మే?" అంది కోపంగా.

"నువ్వు నాతో మాట్లాడవని."

అవ్వ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "పోసినప్పుడు లేని భయం చెప్పేటప్పుడు వచ్చిందా తల్లీ? సరే, ఇప్పుడన్నా చెప్పినావు. ఏటికి నేను పోలేను. ఉగాది దాకా నువ్వు తెచ్చి పెట్టు. ఏమంటావు?"

"తెస్తానవ్వా."

మరుసటి రోజు నుంచి కదిరమ్మ తెల్లారేసరికి గంప తీసుకుని ఏటికి పోయేది. మొదట్లో ఒక్కతే పోయింది. నాలుగో రోజు కుళ్ళాయమ్మ వెనకాలే వచ్చి, ఒక మాటా మాట్లాడకుండా నీళ్ళలోకి దిగి చిప్పలు ఏరింది. వారం తిరిగేసరికి ఇద్దరి నవ్వులూ ఏటి అవతల గట్టు దాకా వినిపించాయి. సాయంత్రాలు నీలం నీళ్ళ బిందె సున్నపు బట్టీ గుంతకే పోయేది.

కదిరమ్మ సార్‌కు కూడా జరిగిందంతా చెప్పేసింది. ఉగాదికి ముందు ఆయన కుంట చిప్పలను మళ్ళీ పరీక్ష చేశారు. మేకు తెల్లగా వస్తుందని కదిరమ్మ ఎదురుచూసింది. పైకి తీస్తే, కాస్త వెలిసినట్టున్నా ఎర్రగానే ఉంది.

"ఇంకా ఉండాదే!" అంది దిగులుగా.

"తగ్గింది, చూడు. చేరడానికి ఏడాది పట్టింది కదా. ఆరు నెలల్లో పొమ్మంటే పోతుందా? కొత్తది చేరకుంటే మెల్లమెల్లగా అదే పోతుంది" అన్నారు సార్.

పండుగ మరునాడు తెల్లవారుజామున బాలనాగమ్మవ్వ గంప చంకన పెట్టుకుని, మోకాలు పట్టుకుంటూ వాకిలి దిగింది. ఎదురుగా కదిరమ్మ నిలబడి ఉంది.

"నీ గడువు అయిపోయింది కదమ్మా. మళ్ళా వచ్చినావే?"

"కుంట గడువు ఇంకా అయిపోలేదవ్వా" అంటూ కదిరమ్మ అవ్వ చంకలోని గంప అందుకుని, ఏటి దారి పట్టింది.