గోడ వారన ఫెర్నులు

పొద్దున్నే పెరటి గోడ మీద సుత్తి చప్పుడు వినిపించి, చిన్నకోడలు తోముతున్న గిన్నె వదిలేసి బయటికి పరిగెత్తింది. మేస్త్రీ నిచ్చెనెక్కి గోడ పైవరస ఇటుకల్ని వదులు చేస్తున్నాడు.

"ఆగు మేస్త్రీ. ఎవరు చెప్పారు నీకు?"

"పక్కింటి పెద్దమ్మగారేనమ్మా. సగానికి దించెయ్యమన్నారు."

ఆ పక్కిల్లు ఆమె తోటికోడలిది. ఇద్దరికీ మాటా మాటా పెరిగిన ఏడాది, పెద్దామె పంతానికి ఆ గోడను రెట్టింపు ఎత్తు లేపించింది. అప్పటినుంచి ఈ పెరట్లో ఎండ పొడ లేదు. టమాటా మొక్కలు చచ్చాయి, పూల మొక్కలు చచ్చాయి. చివరికి చిన్నకోడలు నీడలో బతికే ఫెర్న్ మొక్కలు తెచ్చి గోడ వారన నాటింది. చలికాలంలో ఆకులు ఎండి నేలకంటుకుపోయినా, వాన పడగానే చుట్టలు చుట్టుకున్న చిగుళ్లతో మళ్లీ లేచేవి. ఇప్పుడు గోడ పొడవునా మోకాలెత్తు పచ్చదనం.

గోడ అవతలినుంచి పెద్దామె గొంతు వినిపించింది. "నేనే చెప్పాను. నీకు ఎండ రావాలని."

"వద్దక్కా."

"కట్టినప్పుడూ ఏడ్చావు, తీస్తుంటే కూడా ఏడుస్తావేం? నేనేం చేసినా నీకు తప్పే."

"ఎండ పడితే ఇవి మాడిపోతాయి."

"ఏవి? అక్కడ గడ్డి కూడా మొలవదని వీధంతా చెప్పుకున్నావుగా."

"చెప్పాను. చెప్పుకుంటూ తిరిగినన్నాళ్లూ మొలవలేదు. ఒకసారి వచ్చి చూడు. చూశాక కూడా తీయించాలనిపిస్తే తీయించు."

"నన్ను దిగమంటారా, ఉండమంటారా?" అన్నాడు మేస్త్రీ.

"దిగు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పెద్దామె వీధిలోంచి చుట్టూ తిరిగి వచ్చింది. గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా మొక్కల వెంట నడిచింది. తర్వాత వంగి ఒక ఆకును వేలితో ఎత్తి చూసింది.

"ఇక్కడంతా బోసిగా ఉందనుకున్నానే. వంటింట్లోంచి ఈ గోడ కనబడినప్పుడల్లా గుండెలో కలుక్కుమనేది. తీయించేస్తే నీ ముందు తలెత్తుకోవచ్చనుకున్నాను." కొంగుతో కళ్లొత్తుకుంది.

"మొదటి ఏడాది నిన్ను తిట్టుకోని రోజు లేదక్కా. తర్వాత వీటి పనిలో పడి మర్చిపోయాను. ఆ మాట నీకు చెప్పడానికే మొహం చెల్లలేదు."

"నాకో మొక్క ఇవ్వు. నేనూ పెంచుకుంటాను."

"నీ పెరడంతా ఎండే. అక్కడ బతకవు."

పెద్దామె మొహం చిన్నబోయింది. చిన్నకోడలు లోపలికెళ్లి నీళ్ల డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున్నే నువ్వే ఇక్కడికి రా. ఈ వైపువన్నీ నీవి."

పెద్దామె వంగి నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

"చిగుళ్ల మీద కాదక్కా, మట్టిలో పొయ్యి."

"నాకు తెలుసులేవే" అంది పెద్దామె, డబ్బాను కాస్త పక్కకు వంచుతూ.