32-బిట్ సాహసం

గూఢచారి కృపానందం శవం కొల్లేటి చేపల చెరువులో తేలిన మూడో రోజున ఏజెంట్ నెహెమ్యాకు ఏలూరులో ఉత్తర్వు అందింది.

"గణపవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీ. విదేశీ ముఠా స్థావరం. అది కనిపెట్టినందుకే కృపానందాన్ని చంపేశారు," అన్నాడు చీఫ్ సత్తిరాజు. "లోపల మన మనిషి మానస ఉంది. వాళ్ళకీ పనిచేస్తోందని అనుమానం. జాగ్రత్త."

మర్నాడు మధ్యాహ్నం చేపల మేత కంపెనీ ప్రతినిధి వేషంలో నెహెమ్యా ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. దారి చూపిస్తూ మానస. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. ఇద్దరూ లోపలికి రాగానే ఇనుపతలుపు మూసుకుని తాళం పడింది. కిటికీ లేదు. ఫోనుకి సిగ్నల్ లేదు. గోడమీద టైమర్ ఐదు నిమిషాల నుంచి వెనక్కి నడవసాగింది.

మానస అద్దాలు తీసేసింది. "నన్నూ వదిలించుకుంటున్నారండీ. టైమర్ సున్నాకి రాగానే అమ్మోనియా గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. మనమే కాదు, షెడ్డులో చేపలు ప్యాక్ చేసే ఆడవాళ్ళు నలభైమందీ పోతారు."

వాల్వును ఆపాలన్నా తలుపు తెరవాలన్నా అక్కడున్న కంప్యూటరే ఆధారం. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది. ముఠా ఆపరేటింగ్ సిస్టమ్‌ను చెరిపేసి పోయింది.

నెహెమ్యా బూటు మడమలోంచి రెండు పెన్‌డ్రైవ్‌లు తీశాడు. ఒకదాంట్లోని 64-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ రెండు నిమిషాల్లో లేస్తుంది. రెండోదాంట్లోని 32-బిట్‌ది లేవడానికి నాలుగు నిమిషాలు. టైమర్‌లో నాలుగుంపావు. పొరపడితే మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు.

"64 పెట్టండి," అంది మానస. "ఈ ప్రాసెసర్ 64-బిట్‌దేనండీ. నేనే కొనిపించాను."

"కృపానందంగారు కూడా మీ మాట నమ్మారా?"

ఆమె తల దించుకుంది.

ప్రాసెసర్ స్టిక్కర్ గీకేసి ఉంది. ఆమె అబద్ధమాడితే 64-బిట్ సిస్టమ్ అసలు లేవదు. 32-బిట్‌ది మాత్రం రెండు రకాల ప్రాసెసర్ల మీదా లేస్తుంది, ఆలస్యమైనా సరే. నెహెమ్యా దాన్నే గుచ్చాడు.

తెరమీద అక్షరాలు ఒక్కొక్క వరసే దిగుతున్నాయి. గదిలో గాలి ఆడటం లేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఆయన్ని నేను చంపలేదండీ," అంది మానస మెల్లగా. "చంపుతారని తెలిసి ఊరుకున్నాను."

నెహెమ్యా కళ్ళు టైమర్ మీదే ఉన్నాయి. తొమ్మిది సెకన్లుండగా సిస్టమ్ లేచింది. నెహెమ్యా వాల్వు ఆపే కమాండ్ కొట్టాడు. టైమర్ ఒకటి దగ్గర ఆగింది. తలుపు తాళం ఊడింది.

తెర మూలన ప్రాసెసర్ వివరం కనిపించింది: 64-బిట్.

"నిజమే చెప్పానుగా," అంది మానస.

"చెప్పారండీ." నెహెమ్యా జేబులోంచి సంకెళ్ళు తీశాడు. "అలవాటైంది కాబట్టి మిగతావి కూడా ఏలూరు వెళ్ళేలోగా చెప్పేయండి."