ముఖసాక్ష్యం

ఏడో బొమ్మను దమయంతి ఇంకొక ఊపిరి సేపు నిలిపింది.

"నిలకడ ఎక్కువైంది" అని సవరణి యంత్రం తన అద్దపు తెర మీద రాసింది. దానికి గొంతు పెట్టలేదు. పెట్టి ఉంటే ఈ గదిలో ఇన్నాళ్ళు ఎవరూ పనిచేసేవారు కాదు.

"పెళ్ళికొడుకు ఇప్పుడే పీటల మీద కూర్చున్నాడు. అప్పుడే లేపేస్తే ఎలా? ఉండనీ" అంది దమయంతి.

బొమ్మ కరిగే చోటును ఇంకాస్త వెనక్కి జరిపింది. పల్లవి నడుస్తుండగా బొమ్మ మారకూడదు. బొమ్మా, దాని కింది పేరూ ఒక్కసారే మారకూడదు. పేరు ముఖానికి దగ్గరగా పడితే కన్ను పేరు మీదికే పోతుంది కాబట్టి దాన్ని కాళ్ళ దగ్గర పెట్టాలి. ఇవన్నీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. మేలుమాలలు కూర్చగా కూర్చగా పట్టుబడ్డాయి.

గోడకు అవతల చల్లపెట్టెలో పడుకున్న హిందీ మాస్టారి మూసిన రెప్పల వెనక ఆ బొమ్మలు నడుస్తున్నాయి. అద్దం అంచున గుర్తుగీత మెల్లగా పైకి పాకి, పెళ్ళిఫోటో దగ్గర మెలకువ హద్దైన ఎర్రచుక్కను దాటింది. మాస్టారు తన పేరు తనే చెప్పుకుని, వెంటనే కాఫీ అడిగాడు. కాఫీ ఇప్పట్లో ఇవ్వరు. అయినా అడిగాడంటే మనిషి తిరిగొచ్చినట్టే లెక్క.

ఊపిరిబూజు పట్టినవాళ్ళను నిద్రపుచ్చి, కొత్త ఊపిరితిత్తులు పెరిగేదాకా ఏళ్ళపాటు అలాగే ఉంచడం డాక్టర్లకు చేతనైంది. లేపడమూ చేతనైంది. లేచినవాళ్ళకు తామెవరో గుర్తుండేలా లేపడం మాత్రం చేతకాలేదు. ఆ పని తెచ్చి దమయంతి లాంటి కూర్పరుల నెత్తిన పెట్టారు. బతికిన బతుకంతా బొమ్మలుగా పేర్చి, పాట వేసి, పేర్లు రాసి, మేలుమాలగా కట్టి, నిద్రలో ఉండగానే చూపించాలి. చూస్తున్నది తన బతుకేనని లోపలి మనిషి పోల్చుకుంటే గీత లేస్తుంది.

మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకుందో లేదో, తరువాతి పేరు అద్దం మీదికి వచ్చింది. యడ్ల వరహాలమ్మ. మూడో మాల. దమయంతి గ్లాసు కింద పెట్టేసింది.

వరహాలమ్మకు ఇప్పటికి రెండు మాలలు వేశారు. రెండూ దమయంతే కూర్చింది. రెండూ ముచ్చటగా వచ్చాయి, సవరణి కిమ్మనకుండా రెండింటికీ ముద్ర వేసింది. గుర్తుగీత మాత్రం పడుకున్న చోటు నుంచి అంగుళం కదల్లేదు. మూడోదీ పోతే ఇంకోసారి నిద్రపుచ్చడానికి ఒళ్ళు ఒప్పుకోదు. అప్పుడిక కొత్తపలకే. ఖాళీ మనసుతోనే లేపేసి, ఏదో ఒక పేరు పెట్టి, మాటల దగ్గర్నుంచి మళ్ళీ నేర్పుతారు. పాతవాళ్ళెవరూ ఆమె కంటపడకూడదు. మొగుడైనా సరే.

ఆ మొగుడు బయట బల్ల మీదే ఉన్నాడు. పేరు గవరయ్య. సముద్రపు గోడ మీద తిరిగే గట్టుబస్సులకు రంగులు వేస్తాడు. గోళ్ళలో పచ్చరంగు ఇంకా పోలేదు. దమయంతి లోపలికి పిలవగానే లేచి వచ్చి, జేబులోంచి పాత ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"అదున్న ఫొటోలు ఇంకేటైనా ఉంటే తెమ్మన్నారు కదమ్మా. ఇల్లంతా ఎతికీసినాను. ఇదొకటి అటక మీద దొరికింది."

దమయంతి ఆశగా చూడడం మొదలుపెట్టింది. కొత్త బస్సు పక్కన గవరయ్య, ఊపిరి బిగబట్టి, కర్రలా నిలబడి. ఇంకో బస్సు, ఇంకో గవరయ్య. మామిడిపండు రసం మోచేతుల దాకా కారుతూ ఒకావిడ. కాళ్ళకు గజ్జెలు కట్టుకుంటున్న కుర్రాడు. చీపురు పట్టుకుని కుక్కను తరుముతున్న ముసలమ్మ. చూసేకొద్దీ దమయంతికి నీరసం వచ్చింది.

"ఇందులో ఆమె ఏదండీ? ఆమె ముఖం కనపడేవి తెమ్మన్నాను. ఇవన్నీ మీ ముఖాలే కదా."

"ఫొటోలు తీసేది అదే కదమ్మా. దిగమంటే దిగదు. మీరు నిలబడండి, నాను తీత్తాను అంటాది. మా ఇంట్లో ఏ ఫొటో అయినా అది తీసిందే."

"అంటే ఆమె వీటిలో లేనట్టే."

గవరయ్య ఆమె ముఖంలోకి అయోమయంగా చూశాడు. "లేకపోడమేటమ్మా? ఇవన్నీ అదే."

దమయంతి ఫోను దగ్గరికి లాక్కుంది. బొమ్మలను మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. అన్నీ ఒక పక్కకు కాస్త వాలి ఉన్నాయి. అన్నీ కొంచెం కింది నుంచి తీసినవి, తీసిన మనిషి పొట్టిది. కొన్నింట్లో ఒక మూల వేలు అడ్డం పడింది. అందరూ ఒక్క చోటికే చూస్తున్నారు, గవరయ్య తప్ప అందరి ముఖాల్లోనూ నవ్వు అప్పుడే పుట్టింది. గవరయ్యను కర్రలా నిలబెట్టినావిడే మిగతావాళ్ళను ఏదో అని నవ్వించింది. ఏమందో వినపడదు, అన్నదెవరో మాత్రం తెలుస్తూనే ఉంది.

ఇలాంటివి వరహాలమ్మ ఖాతాలో మొదటి నుంచీ వేలకొద్దీ ఉన్నాయి. మేలుమాలలో ప్రతి బొమ్మకూ ముఖసాక్ష్యం ఉండాలి, అంటే నిద్రపోయిన మనిషి ముఖం అందులో కనపడాలి. కనపడలేదు కాబట్టి సవరణి వాటిని చెత్తలో వేసింది. మిగిలిన నాలుగు గుర్తింపు కార్డుల బొమ్మలనూ, ఎవరి పెళ్ళిలోనో వెనకవరసలో సగం కనిపించిన ముఖాన్నీ పెద్దవి చేసి, నున్నగా తుడిచి, పెదవుల మీద నవ్వు దిద్దింది. దమయంతి దానికి వేణువు తగిలించి, కింద "మీరు" అని రాసింది. అలా నవ్వే ఆడమనిషిని వరహాలమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూసి ఉండదు. పరాయి మనిషిని రెండుసార్లు చూపించి, నువ్వంటే ఇదే అని దబాయించారు. దమయంతికి సిగ్గేసింది.

"కూర్చోండి గవరయ్యగారూ. నేనడిగినవి చెప్పండి" అంది.

ఒక్కొక్క బొమ్మే పేర్చడం మొదలుపెట్టింది. వాలు సరిచేయనా అని సవరణి అడిగింది. వద్దంది. వేలు తుడిచేయనా అంది. ముట్టుకోవద్దంది. పేర్ల దగ్గర మాత్రం ఆమె చేయి ఆగింది. ఇన్నాళ్ళూ రాసినట్టు మీరు, మీ బంధువులు, ఫలానా ఏడు అని రాస్తే ఈ మాలకు అతకదు.

"ఈ మామిడిపండు ఆవిడ ఎవరు?"

"మా అప్ప."

"మీకు కాదు. వరహాలమ్మగారు ఏమని పిలుస్తారు?"

"వొదినా అంటాది."

"గజ్జెలు కట్టుకునే అబ్బాయి?"

"నా తమ్ముడు. మరిదే గానీ ముద్దుపేరెట్టే పిలుత్తాది. చిన్నోడా అని."

"మరి మిమ్మల్ని?"

ఆ వయసులో కూడా సిగ్గుపడి గవరయ్య తల వంచుకున్నాడు. "మావా అంటాది" అన్నాడు నేలకేసి చూస్తూ.

దమయంతి బస్సు బొమ్మ కింద, కాళ్ళ దగ్గర, అదే రాసింది. వెనక వినపడడానికి ఏం వేయాలన్నది ఇంకా తేలలేదు. వేణువు ఎవరి నిద్రకూ అడ్డం రాదు, ఎవరికీ గుర్తూ ఉండదు. ఫోనులోనే చిన్నోడు తప్పెటగుళ్ళు ఆడుతున్న వీడియో ఒకటి దొరికింది. బొమ్మ అంతా ఊగిపోతోంది. తీస్తున్న మనిషి కూడా అడుగు వేస్తోందన్నమాట. దమయంతి ఆ చప్పుడు ఒక్కటే విడదీసి మాల పొడుగునా పరిచి, తప్పెట దెబ్బ పడ్డప్పుడల్లా బొమ్మ మారేలా కట్టింది. మొదట్లో మోత తగ్గించి, చిన్నోడి దగ్గర పెంచింది.

"ముఖసాక్ష్యం లేదు. ముద్ర వేయలేను" అని సవరణి రాసింది.

ఆ మాట విభాగం పెద్ద కపిలేశ్వర్ అద్దం మీద కూడా పడినట్టుంది, ఆయన గబగబా గదిలోకి వచ్చాడు. గవరయ్యను చూసి గొంతు తగ్గించాడు.

"ఏం చేస్తున్నావు దమయంతీ?"

"చేతిపూచీ మీద వేస్తాను సార్."

చేతిపూచీ అనే మాట రూల్సులో ఉందే గానీ వాడినవాళ్ళు లేరు. సవరణి ముద్ర లేని మాలను కూర్పరి తన అరచేయి ఆనించి నడిపించవచ్చు. ఏం జరిగినా అది ఆ చేతిదే.

కపిలేశ్వర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కొత్తపలక పడిన ప్రతి రోజూ అన్నం ముట్టకుండా ఇంటికి పోయే మనిషి.

"ఇది మూడోది. ముఖం చూపిస్తే ఎంతో కొంత వీలుంది. అదీ లేకపోతే ఆమె దేన్ని పోల్చుకుంటుంది? ఇది నా పట్టింపు కాదమ్మా. ఇన్ని వేలమందిని లేపిన లెక్క."

"అది లేచినవాళ్ళ లెక్క సార్. లేవనివాళ్ళ లెక్క ఎవరు చూశారు? ఈమె తన ముఖం ఎప్పుడు చూసుకుంది? బొట్టు పెట్టుకునేటప్పుడు తప్ప చూసుకుని ఉండదు. ఆమె చూసినవి ఇవీ."

"నీ ఊహ తప్పైతే?"

"భయంగానే ఉంది" అంది దమయంతి. "తప్పైతే ఈయనకు నేనే చెబుతాను. మళ్ళీ ఈ కుర్చీలో కూర్చోను."

కపిలేశ్వర్ గవరయ్య వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"నాకేటి తెలుసు బాబూ. మీ మిషను రెండుసార్లు ఏసింది. ఈపాలి ఈ అమ్మనెయ్యనీండి."

అప్పటికే చల్లపెట్టెలో వరహాలమ్మ ఒళ్ళు మెలకువకు వేడెక్కడం మొదలైంది. ఇక ఆగడానికి లేదు. దమయంతి అరచేయి అద్దానికి ఆనించింది.

తప్పెట దెబ్బ సన్నగా మొదలైంది. బస్సు షెడ్డు గేటు, వాలుగా. గుర్తుగీత కదల్లేదు. కుక్కా, చీపురుతో ముసలమ్మా, కాళ్ళ దగ్గర "అత్త". కదల్లేదు. కపిలేశ్వర్ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. వొదినా మామిడిపండూ వచ్చినప్పుడు గీత చిన్నగా అదిరి, మళ్ళీ పడిపోయింది. వేలు అడ్డం పడిన బొమ్మ వచ్చింది, సగం పొయ్యి, సగం వేలు. అక్కడ గీత లేచింది. లేచి, పడకుండా నిలబడింది. చిన్నోడి గజ్జెల దగ్గర మోత పెరిగింది, గీత దానితోపాటు పైకెక్కింది. బస్సు పక్కన కర్రలా నిలబడ్డ గవరయ్య, కాళ్ళ దగ్గర "మావా" అన్న మాట. గీత ఎర్రచుక్కను దాటిపోయి, అద్దం పై అంచుకు తగిలింది.

అంత ఎత్తుకు పోయిన గీతను ఆ గదిలో ఎవరూ చూడలేదు. దమయంతికి నవ్వు వచ్చింది, దాని వెంటే ఏడుపు వచ్చింది. రెండింటినీ రానిచ్చింది.

"ముఖసాక్ష్యం లేదు" అని సవరణి రాసింది. దాని కింద "గుర్తు ఉంది" అని రాసింది. రెండూ చెరిపేసి మళ్ళీ రాసింది. ఇంతలో పక్క గదుల్లోంచి కూర్పరులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అన్ని మాలలూ ఆగిపోయాయట. చెత్తలో వేసిన బొమ్మలన్నింటినీ సవరణి వెనక్కి తీస్తోందట. ఒక్కొక్క నిద్రమనిషి పేరు మీదా ఇంటివాళ్ళకు ఒకటే ప్రశ్న పంపుతోంది: ఈ మనిషి తీసిన ఫోటోలు ఏవి?

కపిలేశ్వర్ అద్దంలోకి వంగి చూశాడు. ఆయన ముఖంలో రంగు మారింది.

"కొత్తపలక పడినవాళ్ళ పేర్లు కూడా బయటికి తీస్తోంది" అన్నాడు నెమ్మదిగా. "వాళ్ళకు వేరే పేర్లతో ఇళ్ళు కూడా ఇచ్చేశాం దమయంతీ. దీన్ని ఆపమందామా?"

ఆపమంటే ఆగుతుంది. అందుకు కూర్పరి అరచేయి తీస్తే చాలు, ఈ పూచీ ఒక్క మనిషికి జరిగిన పొరపాటుగా రాసుకుని సవరణి పాత పద్ధతికి పోతుంది. దమయంతి చేయి తీయలేదు.

"అడగనివ్వండి సార్" అంది. "వాళ్ళ మొగుళ్ళూ పెళ్ళాలూ ఇంకా ఉన్నారు."

కపిలేశ్వర్ కళ్ళద్దాలు పెట్టుకుని, సరేనన్నట్టు తలూపాడు. గోడ తలుపు తీయమని ఆయనే నర్సుకు చెప్పాడు.

గవరయ్య చల్లపెట్టె ఉన్న గదిలోకి వెళ్ళాడు గానీ దగ్గరికి పోవడానికి ధైర్యం చాలక కిటికీ ముందే నిలబడిపోయాడు. బయట ఎండ దంచేస్తోంది. వరహాలమ్మ కళ్ళు తెరిచి చాలాసేపు రెప్పలార్పింది. ఎదురుగా నిలబడ్డ నల్లటి ఆకారాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఎల్తురు ఎనకేసుకుని నిల్సున్నావేటి మావా" అంది. "నీ మొకం నల్లగా పడతాది. ఇటు తిరుగు."

గవరయ్య తిరిగాడు.