‘ఆఁ’ అన్న మాట

"అమ్మాయీ, టీ చల్లారిపోతోంది."

"ఆఁ," అంది కోడలు గదిలోంచి. రాలేదు.

పెద్దాయన నవ్వుకుని కప్పు మీద సాసరు బోర్లించాడు. కోర్టులో ముప్ఫై ఒక్క ఏళ్లు టైపిస్టుగా చేసి, రెండేళ్ల కిందటే దిగిపోయిన మనిషి. కోడలు కొండవాళ్ల పిల్ల. పెళ్లై ఏడాదైంది. ఆఁ అంటుంది, రాదు. ఇంట్లో రోజూ అదో నవ్వులాట.

ఈసారి వచ్చింది. చేతిలో పాత కాగితం.

"మా తమ్ముడి వాంగ్మూలం, మామయ్యగారూ. టైపు చేసింది మీరేనట. నిన్ననే తెలిసింది."

ఆ కుర్రాడు జైల్లో ఉన్నాడని ఆయనకు తెలుసు. కాగితం తనదని తెలియదు. కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. ‘గోదాము తగలబెట్టింది నువ్వేనా?’ ‘అవును, నేనే తగలబెట్టాను.’

"వాడు అలా అనలేదు. ఆఁ అన్నాడు. మీరు ఊఁ కొడతారే, మా భాషలో ఆఁ అదే. వింటున్నానని. ఒప్పుకున్నానని కాదు."

"ఆ రోజు దుబాసీ లేడమ్మా."

"అలాంటి మావాళ్ల కేసులన్నీ మళ్లీ వింటున్నారు. జడ్జీ పక్కన మా పెద్దలిద్దరు కూర్చుంటారు. వాడు నోటితో ఏమన్నాడో విన్నవాళ్లు రాసివ్వాలి. గడువు రేపే."

గడ్డం గీసుకుంటున్న కొడుకు అద్దంలోంచే అన్నాడు. "నాన్న కాగితంలో తప్పుండదని కోర్టంతా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఆయన చేతే తప్పు రాశానని రాయిస్తావా? గుర్తులేదనండి నాన్నా, సరిపోతుంది."

"నాలుగేళ్లు లోపలున్నవాడికి ఏం సరిపోతుంది?" అంది కోడలు. గొంతు పెంచలేదు.

పెద్దాయన కాగితం మళ్లీ చదివాడు.

"గుర్తుందిరా," అన్నాడు చివరికి. "నీ పేరేంటని అడిగితే కూడా ఆఁ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ప్రశ్నకి అదే ఆఁ వస్తే, చదవడానికి బాగుంటుందని నిండు వాక్యం చేశాను."

కొడుకు బ్లేడు కింద పెట్టేశాడు.

పెద్దాయన తెల్లకాగితం తీసుకుని చేత్తోనే రాశాడు. ‘అతను అన్నది ఆఁ మాత్రమే. మిగతా మాటలు నావి.’ సంతకం పెట్టి, పైకి చదివాడు.

"ఆఁ," అంది కోడలు.

"విన్నావా, ఒప్పుకున్నావా?"

"ఈ ఒక్కసారికి రెండూ, మామయ్యగారూ," అంది కళ్లు తుడుచుకుంటూ.

కొడుకు సాసరు తీసి, చల్లారిన టీ మళ్లీ వేడిచేసి తెచ్చాడు.