చూడకుండా కొట్టే మేడమ్

పొద్దున్నే ముందుగదిలోకి వెళ్ళబోతూ జయమణి చెప్పులు గుమ్మం దగ్గర విడిచింది. ఆ ఇంట్లో మేరీమాత పటం ముందుకైనా పొరపాటున చెప్పులతో వెళ్తారేమో గాని, కంప్యూటరు దగ్గరికి మాత్రం వెళ్ళరు. కోడలు పుష్పకుమారి కుట్టిన పూల గుడ్డ తీసి మడతపెట్టి, స్టీలు ప్లాంటు లారీలు రాత్రంతా రేపిన దుమ్మును పాత పంచె ముక్కతో తుడిచి, స్టెబిలైజరు మీట వేసింది. మిషను గుర్రుమంటూ లేచింది. ఫ్లాపీ తోయగానే కరకరమంది. ఆ చప్పుడు వింటే చాలు, జయమణికి కడుపు నిండినట్టుంటుంది.

తెర మీది పచ్చటి అక్షరాలు ఆమెకు కనిపించడం మానేసి చాన్నాళ్ళయింది. కళ్ళకు పొర కమ్మింది. ఆ సంగతి తనకూ, రోజూ దండం పెట్టుకునే మేరీమాతకూ తప్ప మూడో మనిషికి తెలియదని ఆమె ధీమా.

తెలిసే దారి కూడా లేదు మరి. కంప్యూటర్లు రాకముందు అదే గదిలో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. కూర్మన్నపాలెంలో టైపు పాసైన పిల్లల్లో సగంమంది ఆమె చేతికింద దెబ్బలు తిన్నవాళ్ళే. చేరిన రోజునే మీటల మీద పెట్టిన చేతులపై తువ్వాలు కప్పేసేది. చూసి కొట్టేవాడు టైపిస్టు కాదు, కోడి గింజలు ఏరుకున్నట్టు ఏరుకుంటాడు అనేది. అలాంటి మనిషి తెరకేసి చూడకుండా కిటికీకేసి చూస్తూ కొడుతుంటే, అబ్బ, ఏం పనితనం అనుకున్నారే తప్ప ఎవరూ అనుమానపడలేదు. కొడుకు జోజి అయితే, మా అమ్మకి తెరతో పనిలేదని ఆఫీసులో గొప్పలు కూడా చెప్పుకున్నాడు.

కాంట్రాక్టర్ల టెండర్ కాగితాలు పుష్ప పైకి చదివితే జయమణి కొట్టేది. ఫ్లాపీ కరకరలాడి ఆగిందంటే పేజీ భద్రమైనట్టు. ప్రింటైన కాగితాలు పుష్ప లోపలికి పట్టుకెళ్ళి, సంచిలో పెట్టి పార్టీకి ఇచ్చి వచ్చేది. పుష్ప కూడా ఒకప్పుడు ఆ గదిలో తువ్వాలు కింద చేతులు పెట్టిన పిల్లే. అందుకే వాళ్ళిద్దరి మధ్యా ఒక వింత అలవాటు మిగిలిపోయింది. కర్టెను లోపల జయమణి ఆమెకు అత్త. కర్టెను దాటి ముందుగదిలోకి వస్తే మేడమ్.

ఆ కుర్చీ పోతే తానేమైపోతుందో జయమణికి బాగా తెలుసు. భర్త ఫ్రాన్సిస్ చనిపోయిన ఏడాది ఆమెను మంచం దిగేలా చేసింది ఆ కుర్చీయే. కళ్ళ సంగతి బయటపడితే, పాపం పెద్దావిడ అని జాలిపడి, జపమాల చేతికిచ్చి లోపల కూర్చోబెడతారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందుకే ఆమెకు మరీ భయం.

ఆ భయం ఆ శనివారం పొద్దున్న అట్టపెట్టెలో ఇంటికి వచ్చింది.

డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్ల కొట్టున్న నీలకంఠం, జోజి స్నేహితుడు, కొత్త మోడల్ మిషను ఆటోలో వేసుకుని దిగాడు. పాతదాన్ని మార్పిడి కింద పట్టుకెళ్తాడట. పాతది రెండు ఫ్లాపీలతో నడిచే బండి. కొత్తదానికి లోపలే హార్డ్ డిస్కు, బయట రంగుల తెర. పాతదానికన్నా ఎన్నో రెట్లు వేగమని జోజి వారం నుంచి ఊదరగొడుతూనే ఉన్నాడు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి పందెం వేశారు. ఒకే టెండరులో ఒక కాంట్రాక్టరు పేరు తీసేసి, అన్ని పేజీల్లోనూ ఇంకొకడి పేరు పెట్టాలి. పాతది కరకరమంటూ, ఆగుతూ, ఆయాసపడుతూ వెతకడం మొదలుపెట్టింది. కొత్తది నీలకంఠం టీ గ్లాసు నోటిదాకా ఎత్తేలోపే అయిపోయిందంది. పాతది ఇంకా సగంలోనే ఉంది.

"సూసినావా బావా?" అన్నాడు నీలకంఠం, తనే పరిగెత్తి గెలిచినట్టు.

జయమణికి మనసులో చివుక్కుమంది. ఆయాసపడుతున్నది తానే అయినట్టు తోచింది. మిషన్లను మిషన్లతో పోలిస్తే ఏం లాభం, కొట్టే మనిషి కూర్చుంటే గదా మంచీ చెడూ తెలిసేది అంటూ కుర్చీ లాక్కుంది. అనకుండా ఉండాల్సింది. కానీ పంతానికి పోయిన నోటికి తాళం ఎవరు వేస్తారు?

పుష్ప చదివింది. జయమణి కొట్టింది. వేళ్ళు ఎప్పటిలాగే ఉరికాయి. కొత్త మీటలు మెత్తగా, ఇడ్లీ పిండిలా దిగుతున్నా సర్దుకుంది. పేజీ అయ్యాక భద్రం చేసే మీట నొక్కి, చప్పుడు కోసం చెవి ఒగ్గింది.

చప్పుడు లేదు. మిషను సన్నగా గాలి వదులుతోందంతే.

"అడగతంది గదమ్మా, జవాబు సెప్పు," అన్నాడు జోజి.

"ఏటడగతంది?"

"కళ్ళ ముందే ఉంది."

తెర మీద నీలంలో తెల్లటి మసక ఏదో కదిలింది. ఆమె బింకంగా ఒక మీట నొక్కింది. జోజి అయ్యో అంటూ ముందుకు దూకేసరికే పేజీ మొత్తం పోయింది. పాత పేజీ తీసేసి ఇది ఉంచమంటారా అని మిషను అడిగితే, వద్దని చెప్పింది ఆవిడ.

జయమణి కుర్చీ వెనక్కి నెట్టి, ఈ మిషను మాట వినే రకం కాదు, పట్టుకుపొమ్మంది. తప్పు మిషనుదని తనకే నమ్మకం లేదు.

జోజికి స్నేహితుడి ముందు తల కొట్టేసినట్టయింది. "మిషనుకేటమ్మా, బంగారంనాగుంది. నువ్వు సూడవు. సూడకుండా కొట్టడం గొప్పనుకుంటావు. ఇంక నువ్వు లోపల కూకో, పుష్ప సూసుకుంటాది."

ఇన్నాళ్ళూ ఆమె దేనికి భయపడిందో అదే మాట వచ్చేసింది. జయమణి చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పటిలాగే కిటికీకేసి తిరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఎవరికీ కనపడకూడదని గట్టిగా కోరుకుంది.

పుష్పకు కనపడ్డాయి. ఆమె నీలకంఠానికి ఇంకో టీ తాగి రమ్మని మర్యాదగానే చెప్పి వీధిలోకి పంపించింది. తర్వాత భర్తవైపు తిరిగింది.

"మీ అమ్మకి అగుపించదు," అంది నెమ్మదిగా. "కిందటి వానాకాలం నుంచీ."

జోజి చటుక్కున తల్లికేసి చూశాడు. జయమణి గిరుక్కున తిరిగింది.

"నీకెవరు సెప్పారే?"

"ఒకరు సెప్పాలేటి మేడమ్? కాగితం దగ్గరకెట్టుకుని సదవలేక తిప్పలు పడతంటే సూణ్ణేక, నాను సదువుతాను మీరు కొట్టండని అన్నాను గదా."

పని తొందరగా తెములుతుందనే వంకతో పుష్ప చదవడం మొదలుపెట్టింది అప్పటినుంచే. ప్రింటు కాగితాలు లోపలికి పట్టుకెళ్ళేది సంచిలో పెట్టడానికి కాదు. పాత మిషను మీద, మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళ, తప్పులు దిద్ది మళ్ళీ ప్రింటు తీసేది. వేళ్ళు ఒక్కోసారి ఒక మీట పక్కకి జారితే ఆ వరసంతా పిచ్చి రాతే అయ్యేది మరి. ఇదంతా పుష్ప పూర్తిగా చెప్పలేదు. సగం చెప్పేసరికి జయమణికి మిగతాది అర్థమైంది. కూర్మన్నపాలెంలో ఎవరూ తప్పుపట్టని తన పని వెనుక ఇంకొక జత కళ్ళు పనిచేశాయి. సిగ్గుగా అనిపించింది. ఆ వెంటనే, దుఃఖం పొంగుకొచ్చింది.

"అంటే ఇది నన్నీ కుర్చీలోంచి లేపడానికి తెచ్చినారు," అంది కొత్త మిషనుకేసి చెయ్యి చూపించి.

"కూకోబెట్టడానికి," అంది పుష్ప. "కొట్టుకాడ నీలకంఠం అన్నయ్య దీన్లో అచ్చరాలు లావు సేసి సూపించాడు. ఇంత లావు అచ్చరాలు ఎవులిక్కావాలని నవ్వాడు. నాకు కావాలని నానే ఈయన్ని తొందరెట్టేను. మీ కళ్ళ మాట ఈయనతో అన్నేదు. మీరు దాసుకున్నది నానెలా సెప్తాను?"

ఆమె వంగి, ఏదో చిన్న ఆజ్ఞ కొట్టింది. తెర ఒకసారి చీకటై వెలిగింది. ముందున్నవాటికి రెట్టింపు వెడల్పున తెల్లటి అక్షరాలు వచ్చాయి. పుష్ప ఒక వరస కొట్టి పక్కకు జరిగింది.

జయమణి ముఖం తెర దగ్గరికి తెచ్చింది. మసక కదిలింది, నిలిచింది. ఏ. ఎస్. డి. ఎఫ్. తాను ఎన్ని వందల మంది చేత కొట్టించిందో ఆ మొదటి పాఠం.

"అగుపిస్తంది," అంది, తనలో తాను.

జోజి అప్పటికి ఆమె కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి ఉన్నాడు. తల్లి మోకాలి మీద చెయ్యి వేశాడు. "సూడవని నిన్నన్నాను. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉండి నానే సూణ్ణేదమ్మా," అన్నాడు. జయమణి వాడి జుట్టులో వేళ్ళు పెట్టి, చిన్నప్పుడు లెక్క తప్పుచేస్తే మొట్టినట్టు ఒక మొట్టికాయ వేసింది. అక్కడితో వాడి నేరం మాఫీ అయిపోయింది.

కంటి ఆసుపత్రికి మాత్రం వెళ్ళి తీరాలన్నాడు వాడు. ఈస్టరు వెళ్ళనీ అంది ఆమె. వద్దనలేదు గదా అని ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇక పాత మిషను సంగతి. టీ తాగి వచ్చిన నీలకంఠం దాని తీగలు ఊడదీయబోతే పుష్ప అడ్డుకుంది. అది తనకు ఉండనిమ్మంది. కరకర లేకపోతే ఇంట్లో మనిషి తగ్గినట్టుంటుందట. ఈ పాతదానికి వేగమే లేదు బావా అని నీలకంఠం మొత్తుకున్నాడు. జోజి మాత్రం, మార్పిడి డబ్బు పోతే పోయింది, రెండూ ఉండనీ అన్నాడు.

పుష్ప టెండరు కాగితం అందుకుంది. జయమణి అలవాటుగా కిటికీకేసి తిరిగి, మీటల మీద వేళ్ళు సర్దుకుంది.

"అటు కాదు మేడమ్," అంది పుష్ప. "సూడండి. సూసే కొట్టండి."

తన జీవితమంతా వద్దని చెప్పిన పనిని చేయడానికి జయమణికి కొంచెం బిడియమేసింది. మెల్లగా తల తిప్పింది. పుష్ప చదువుతూ ఉంటే ఒక వరస కొట్టి, ఆగింది. ముందుకు వంగింది. ఏమైందోనని జోజి కంగారుపడ్డాడు.

"ఇదిగో, ఇక్కడ తప్పు కొట్టేను," అంది జయమణి, తెర మీద వేలు పెట్టి. ముఖమంతా నవ్వు పరుచుకుంది. పుష్ప దిద్దబోతే ఆ చెయ్యి పక్కకు నెట్టి, ఎన్నాళ్ళకో కంటబడిన తన తప్పును తానే దిద్దుకుంది.